నడుముకున్న పిస్తోలు మార్చడం అంత తేలిక కాదు

దసరాకు పోలీసు ఆయుధాగారాల్లో తుపాకులకు పసుపు కుంకుమలు పెట్టి పూజ చేయడం ఆనవాయితీ. కర్నూలులో 2వ పటాలం, కడప జిల్లా భాకరాపేటలో 11వ పటాలం ఉన్నందున సీమవాసులకు ఈ తంతు కొత్త కాదు. అయితే చూడవచ్చిన వారి కళ్లు పొడవాటి రైఫిళ్ల మీదనే నిలుస్తాయి. త్రీనాట్‌త్రీ తరువాత ఎస్‌ఎల్‌ఆర్, ఇన్సాస్, ఏకే 47 వచ్చిన సంగతి అందరికీ తెలుసు. తోలు ఒరలోని పిస్తోలు సంగతి ఎవరూ అడగరు.

ఇంగ్లీషువారి కాలంలో అధికారుల నడుముకు ఆరు గుండ్ల వెబ్లీ రివాల్వరు వేలాడేది. స్వాతంత్ర్యం తరువాత మన సైన్యానికి బ్రౌనింగ్ నమూనా 9 ఎంఎం పిస్తోలు వచ్చింది. బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారయ్యే దీనిలో 13 గుండ్లు పడతాయి. దీని మూల నమూనా బెల్జియంలో 1935లో బయటికి వచ్చినదే. అంటే దాని వయసు తొంభై దాటిందన్నమాట!

ముసలిదైనా అది చెడ్డ పిస్తోలు కాదు. చిక్కల్లా దాన్ని సిద్ధంగా ఉంచుకోవడంలో ఉన్నది. గుండు గొట్టంలోకి ఎక్కించి, సుత్తి వెనక్కి లాగి, మీట వేసి మోయాలి. అందుకు భయపడితే గొట్టం ఖాళీగా ఉంచి, అవసరమైనప్పుడు రెండో చేత్తో పైభాగాన్ని లాగాలి. ఎదుటివాడు అంతసేపు ఆగడు గదా. బ్రిటిష్ సైన్యం ఇదే బ్రౌనింగ్‌ను 2013లో పక్కనపెట్టి, 25 వేలకు పైగా గ్లాక్ పిస్తోళ్లు కొన్నది. అవి తేలిక, వాటిలో 17 గుండ్లు పడతాయి, గుండు ఎక్కించి ఉంచినా ఫరవాలేదు.

కాని గ్లాక్‌కు బొటనవేలితో వేసే మీట లేదు. భద్రత అంతా ట్రిగ్గరులోనే ఇమిడి ఉంటుంది. ఒరలో పెట్టేటప్పుడు వేలు ట్రిగ్గరుపై ఉంటే అంతే సంగతులు. తుపాకి తుడుస్తుండగా పేలిందన్న వార్తలు మన జిల్లా పాఠకులకు కొత్తేమీ కాదు. కాబట్టి కొత్త పిస్తోలు ధరలోనే దానితో కాల్చి నేర్చుకోవలసిన గుండ్ల ధర కూడా కలపాలి. లెక్క వేసేవారు సాధారణంగా మరచిపోయేది ఇదే.

అమెరికావారికీ ఈ తలనొప్పి తప్పలేదు. ఫిలిప్పీన్స్ యుద్ధంలో .38 రివాల్వరు దెబ్బకు శత్రువు ఆగడం లేదని పెద్ద గుండు పిస్తోలును 1911లో తీసుకున్నారు. అది 1985 దాకా నిలిచింది. అప్పటి పరీక్షల్లో రెండు కంపెనీలు నెగ్గగా చివరకు ధరను బట్టి ఇటలీ బెరెట్టాకు దక్కింది. 2017లో దాని స్థానం సిగ్ సావర్‌కు పోయింది.

మన దేశంలో పిస్తోలు మారినా గుండు మారే సూచన లేదు. కార్బైనుకూ ఈ 9 ఎంఎం గుండే కావాలి. 2021లో డి.ఆర్.డి.ఓ., సైన్యం కలిసి చూపిన 'అస్మి' కూడా దాన్నే కాలుస్తుంది. హైదరాబాదులోని లోకేశ్ మెషీన్స్ దీన్ని తయారు చేస్తున్నది. 2024లో సైన్యం ఉత్తర కమాండ్ 550 అస్మిలకు ఆర్డరిచ్చింది. అయితే మెషీన్ పిస్తోలు అని పేరే గాని అది 2.4 కిలోల లోపు బరువుండే చిన్న కార్బైను వంటిది. అధికారి ఒరలోని పిస్తోలుకు బదులు కాజాలదు.

సీమలో ముఠా తగాదాలు ముదిరిన రోజుల్లో నాటుబాంబులు, వేటకొడవళ్లదే రాజ్యం. పిస్తోలు పెద్దల ఆత్మరక్షణకే పరిమితమై ఉండేది. అదీ 9 ఎంఎం కాదు. సైన్యం, పోలీసులు వాడే ఆ గుండు ప్రజలకు నిషిద్ధం. అందుకే లైసెన్సుదారులకు కాన్పూరు .32 రివాల్వరు దిక్కయింది. ఎన్నికలు వస్తే దాన్ని కూడా పోలీసుస్టేషనులో అప్పగించి రశీదు తీసుకోవలసిందే.