ఇంట్లో తప్పిపోయిన పాము

పిల్లలూ, ఇంట్లో పోయిన వస్తువు ఇంట్లోనే ఉంటుందని మీ అమ్మమ్మ ఎన్నోసార్లు అని ఉంటుంది. కళ్ళజోడు, తాళంచెవి, పెన్ను మూత ఊరంతా వెతికినా దొరకవు. చివరకు దిండు కిందనో, బీరువా వెనుకనో దొరుకుతాయి. తప్పించుకున్న పాము సంగతి కూడా చాలామట్టుకు ఇంతే అంటే నమ్ముతారా?

స్వీడను దేశపు రాజధాని స్టాక్‌హోంలో స్కాన్సెన్ అనే ప్రదర్శనశాల ఉన్నది. అక్కడ చేపలతోపాటు పాములను కూడా అద్దాల గదులలో పెంచుతారు. 2022 అక్టోబరులో ఒక గిరినాగును కొత్త గదిలోకి మార్చారు. రెండు మీటర్లకు పైబడిన పాము. విషపు పాములన్నిటిలోకీ పొడవైనది గిరినాగే. మన ఉత్తరాంధ్ర కొండల్లో కూడా ఉన్నది. కొద్దిరోజులు గడిచాయో లేదో, 22వ తేదీన చూస్తే గది ఖాళీ! మరి ఎట్లా పోయింది?

గది కప్పుకు ఒక దీపం అమర్చి ఉన్నది. పూర్వం అక్కడ ఉన్న బల్బు వేడికి పాములు దాని దరిదాపులకు పోయేవి కావు. విద్యుత్తు ఆదా అవుతుందని ఆ బల్బు తీసివేసి, వేడెక్కని కొత్తరకం దీపం పెట్టారు. ఇక అడ్డేమున్నది? దీపం పక్కనున్న సందులో తల దూర్చి, వెనకాలే ఒళ్ళంతా లాక్కొని వెళ్ళిపోయింది. కరెంటు ఖర్చు తగ్గించబోతే ఇంత పని జరిగిందన్నమాట!

జనాన్ని రానివ్వకుండా ఆ భాగం మూసివేసి వెతుకులాట మొదలుపెట్టారు. గోడలు పగలగొడదామా అంటే, లోపల ఉన్నది గిరినాగు! ఆస్పత్రిలో మన ఎముకలను ఫొటో తీసే ఎక్స్‌రే యంత్రం తెప్పించి గోడలను ఫొటో తీశారు. పాము తన గదికి దగ్గరలోనే, రెండు గోడల నడుమ నక్కి ఉన్నది. కాని పట్టుకొనేలోగా మళ్ళీ కనబడకుండా పోయింది. వారం దాటిన తరువాత, 30వ తేదీన, ఎవరూ పట్టుకోకుండానే అది తన గదిలోకి తిరిగి వచ్చేసింది!

న్యూయార్కు నగరంలోని బ్రాంక్స్ జంతుప్రదర్శనశాలలో 2011 మార్చిలో ఇటువంటిదే జరిగింది. అక్కడ తప్పిపోయినది ఇరవై అంగుళాల ఈజిప్టు త్రాచు. నగరమంతా గుప్పుమన్నది. ఎవరో కొంటెగా ఆ పాము పేరున ఇంటర్నెట్టులో ఖాతా తెరిచి, అది వీధులన్నీ షికారు తిరుగుతున్నట్టు రాయసాగారు. లక్షలమంది చదివి నవ్వుకొన్నారు. పాము మాత్రం షికారుకు పోనేలేదు. దాదాపు వారం తరువాత పాములుండే ఆ భవనంలోనే ఒక చీకటి మూల చుట్టచుట్టుకొని దొరికింది.

పాము దూరం పోకపోవడానికి కారణం దాని ఒంటిలోనే ఉన్నది. దానికి మనలాగా ఒంట్లో పుట్టే వెచ్చదనం చాలదు. చలివేస్తే వెచ్చని చోటు, ఎండ మండితే చల్లని చోటు వెతుక్కోవాలి. పైగా ఒంటికి రెండువైపులా ఏదో ఒకటి తగులుతుంటేనే దానికి ధైర్యం. అందుచేత గది నడుమకు రాదు, గోడవారనే పాకుతుంది. నున్నని గచ్చుమీద దానికి పట్టు దొరకదు, జారిపోతుంది. బియ్యపు బస్తాల సందు, ఫ్రిజ్ వెనుక, కట్టెల మోపు, నీళ్ళ గాబు పక్కన చెమ్మ ఉన్న చోటు దానికి ఇష్టమైన బసలు. ఆకలి వేసినదాకా అక్కడినుంచి కదలదు. ఒకసారి కడుపునిండా తిన్న పాము ఎన్నో రోజులు తిండిలేకుండా ఉండగలదు కూడాను.

అయితే ఇంట్లో పెంచిన పాము సంగతి ఎల్లప్పుడూ ఇంత సుఖాంతం కాదు. మన తెలుగువారు అనేకమంది నివసించే అమెరికాలోని రాలీ నగరంలో 2021 జూన్ నెలాఖరున ఒక ఇంటి వసారాలో ఆఫ్రికా ఖండపు చారల త్రాచు కనబడింది. అది విషాన్ని దూరానికి చిమ్మగల జాతి. విచారిస్తే, ఆ పేటలోనే ఒకతను పెంచుకొంటున్న పాము అనీ, 2020 నవంబరులోనే తప్పించుకున్నదనీ తేలింది. అంటే ఏడు నెలలు! అధికారులు దానిని పట్టుకున్నారు. తప్పించుకున్న సంగతి తెలియజేయనందుకు పెంచినతను న్యాయస్థానంలో నేరం ఒప్పుకోవలసి వచ్చింది. పాము పోవడంకన్నా, పోయిందని నోరు మెదపకపోవడమే పెద్ద తప్పని నాకు తోస్తుంది.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి పాములను పట్టి పెంచుకోరాదు. మా చిన్నతనాన బుట్టలు కావడికి కట్టుకొని పాములవాళ్ళు వచ్చేవారు. నాగస్వరం ఊదితే త్రాచు ఆడేది. ఆడటం పాటకు కాదు. కళ్ళెదుట ఊగే బూరనూ, చేతినీ చూసి.

పెంచకపోయినా పాము మన ఇంటికి రాకమానదు. మా కంచికచర్ల సంగతే చూడండి. ఇప్పుడు మాది ఎన్.టి.ఆర్. జిల్లా అయినా, కృష్ణాజిల్లా మెట్ట అంటేనే మా పెద్దవాళ్ళకు తెలుస్తుంది. పత్తి, మిరప, సుబాబుల్ తోటలు ఇళ్ళ దాకా వచ్చి ఉంటాయి. పెరట్లో పత్తికట్టె మోపులు, వసారాలో ధాన్యపు బస్తాలు. బస్తాలకోసం ఎలుక వస్తుంది, ఎలుకకోసం పాము వస్తుంది. వానలకు కన్నాలు మునిగితే పొడిచోటు వెతుక్కుంటూ మరీ వస్తుంది. వచ్చేవాటిలో ఎక్కువ జెర్రిపోతులే, విషం లేనివి. కాని త్రాచు, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి కూడా వస్తాయి. కట్లపామును పోలిన విషంలేని పాము ఒకటి బల్లులకోసం గోడలెక్కుతుంది. రెంటినీ వేరుచేయడం పెద్దవాళ్ళకే కష్టం; మీరు ఆ ప్రయత్నం చేయవద్దు.

పాము కనబడితే కేకలు వేసి కర్ర తెచ్చేలోగా అది ఏ సందులోకో దూరిపోతుంది. అప్పుడు అది తప్పిపోయిన పాము! అందుచేత పెద్దవారొకరు దూరంగా నిలబడి, చూపు తిప్పకుండా దానిని కనిపెట్టి ఉండాలి. మిగతావారు పిల్లలతో బయటికి పోవాలి. అటవీశాఖకు గాని, ఆ శాఖ అనుమతి ఉన్న పాములు పట్టేవారికి గాని ఫోను చేయాలి. పాము కంటబడకుండా పోతే ఆ గది తలుపు మూసి, కింది సందులో పాతబట్ట కుక్కాలి. అవతలివైపు గడపవెంట ముగ్గుపిండి పలచగా చల్లాలి. పాము దాటితే పిండిలో వంకరగీత పడుతుంది. పాములు పెంచే దేశాలలో ఇందుకు గోధుమపిండి చల్లుతారు. మనకు ముగ్గుబుట్ట ఉండనే ఉన్నది కదా! బస్తాల సందున చేయిపెట్టి మాత్రం వెతకరాదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మన దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటువల్ల సుమారు 12 లక్షలమంది చనిపోయినట్టు పరిశోధకులు లెక్కకట్టారు. ఏడాదికి 58,000 మంది! చాలామంది పల్లెవాసులు, దాదాపు సగం చావులు జూన్, సెప్టెంబరు నెలల నడుమ జరిగినవే. కాటు వేస్తే కోయరాదు, బిగించి కట్టరాదు, మంత్రాలకని కాలం పోగొట్టరాదు. కాలు గాని చెయ్యి గాని కదలకుండా ఉంచి 108కి ఫోను చేయాలి. విరుగుడు మందు ఆస్పత్రిలో ఉంటుంది.

కట్లపాము రాత్రివేళ, నేలమీద పడుకొన్నవారినే ఎక్కువగా కరుస్తుంది. ఒక్కొక్కప్పుడు కరిచినట్టే తెలియదు. మంచంమీద పడుకొని, దోమతెర అంచులు పరుపు కిందికి దోపుకుంటే అది లోపలికి రాలేదు. నేపాల్ పల్లెలలో జరిపిన పరిశీలనలో దోమతెరలో నిద్రించేవారికి పాముకాట్లు తక్కువని తేలింది.

ఈ సాయంత్రం ఒక పని చేయండి. మీ ఇంటి తలుపులన్నీ మూసి, ఒక్కొక్కదాని కింద పెన్సిలు దూర్చి చూడండి. స్నానాలగది తూము దగ్గర కూడా చూడండి. పెన్సిలు దూరేచోట పాముపిల్ల దూరుతుంది. దూరిన చోట్లన్నీ కాగితంమీద రాసి మీ నాన్నగారి చేతికి ఇవ్వండి.