రైలు ముందుకు కదిలితే మనం వెనక్కి తూలతాం, ఎందుకు?

మల్కాజ్‌గిరి స్టేషన్‌లో మేడ్చల్ వెళ్లే ఎంఎంటీఎస్ రైలు ఆగింది. అది మళ్లీ కదలగానే కిటికీ పక్కన కూర్చున్న పాపకు ఒక్కసారిగా ప్లాట్‌ఫారమే వెనక్కి జారినట్టు అనిపించింది. పడవలో వెళ్లేవాడికి ఒడ్డు వెనక్కి పోతున్నట్టు కనిపిస్తుందని ఆర్యభటుడు క్రీ.శ. 499లోనే చెప్పాడు. ఎంత చక్కటి పోలిక!

ఇంతలో నిలబడ్డవాళ్లు వెనక్కి తూలారు. వాళ్లను ఎవరూ నెట్టలేదు. పెట్టె పాదాలను ముందుకు లాక్కెళ్లింది, పైశరీరం మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది. ఉన్న స్థితిని వదలని ఈ గుణమే జడత్వం. బ్రేకు వేస్తే అదే గుణం ముందుకు తూలేలా చేస్తుంది.

పైన వేలాడే పిడులను గమనించండి. వేగం ప్రతి సెకనుకూ సెకనుకు అర మీటరు చొప్పున పెరుగుతుంటే అవి సుమారు 3 డిగ్రీలు వెనక్కి వాలతాయి. సగం నిండిన సీసాలో నీళ్లు కూడా వెనకవైపే కాస్త పైకి లేస్తాయి.

మరి రైలు గంటకు 60 కిలోమీటర్ల నిలకడ వేగంతో పోతుంటే, లోపల ఎగిరితే? అర సెకను గాల్లో ఉంటే రైలు 8 మీటర్లు దాటిపోతుంది. అయినా కాళ్లు బయల్దేరిన చోటే ఆనతాయి, ఎగిరినప్పుడు మన శరీరానికీ అదే వేగం ఉంటుంది కాబట్టి. వేగం ఇందాకటి చొప్పున పెరుగుతున్నప్పుడైతే ఓ 6 సెంటీమీటర్లు వెనక పడతాం.

హీలియం బెలూన్ ఒక్కటే తీరు మారుస్తుంది. తలుపులు మూసిన కారు వేగం పుంజుకుంటే లోపలి బరువైన గాలి వెనక్కి చేరుతుంది, తేలికైన బెలూన్ ముందుకు వాలుతుంది.