చేతివైద్యం - విజ్ఞాన పరీక్ష

మా దివిసీమలో నాట్లు మొదలయ్యాయంటే అమ్మకు నడుం పట్టేస్తుంది. పక్క ఊరి తాత ఒకాయన నొక్కి సర్దితే నాలుగు రోజులకు తగ్గింది. "తగ్గిందిగా, ఇంకేం రుజువు కావాలిరా?" అంటుంది అమ్మ.

మిత్రులారా, ఇది పాత ప్రశ్నే. ఎముకల్నీ కండరాల్నీ చేత్తో సర్ది నయం చేసే ఆస్టియోపతిని 1874లో అమెరికా వైద్యుడు ఆండ్రూ టేలర్ స్టిల్ ప్రకటించాడు. 1892లో కిర్క్స్‌విల్ పట్నంలో కళాశాలా పెట్టాడు. అయితే నడుంనొప్పి చాలామందికి దానంతటదే తగ్గుతుంది. మరి తగ్గించింది చెయ్యా, కాలమా?

మా నాన్న కొత్త ఎరువు తెస్తే ఒక మడికి వెయ్యకుండా వదులుతాడు, తేడా తెలియాలని. పరిశోధకుల పద్ధతీ అదే. 1999లో అమెరికాలో 155 మందిని 12 వారాలు పోల్చి చూశారు. మామూలు వైద్యంతోనూ, ఆస్టియోపతితోనూ నొప్పి ఇంచుమించు ఒకేలా తగ్గింది. ఆస్టియోపతి వారికి మందులు తక్కువ పట్టాయి. 2021లో ఫ్రాన్సు పరిశోధకులు 400 మందిని తీసుకుని, సగం మందికి ఊరికే చెయ్యి ఆనించి వదిలేశారు. అసలు చికిత్సకూ దానికీ కనబడిన తేడా స్వల్పం.

ఇదంతా అమ్మకు చెప్పాను. "అయితే తాత దగ్గరికి వెళ్లొద్దంటావా?"

"వెళ్లమ్మా. కాని కాలు పట్టు తప్పిందా, ఆ రోజే బందరు ఆసుపత్రికి పోదాం" అన్నాను.