ఉదయం మొరాయించే పాత స్పోర్ట్స్ కారు: కారణాన్వేషణ

రాత్రంతా నిలిపి ఉంచిన పాత కారు ఉదయం వెంటనే స్టార్టు కాకపోతే “చలికి బిగుసుకుంది” అనడం పరిపాటి. లాస్‌పేటలో ఈ మాట అంతగా పొసగదు. ఇక్కడ పుష్యమాసపు తెల్లవారుజామున సైతం ఉష్ణోగ్రత 20 డిగ్రీలకు బాగా దిగువకు పోవడం అరుదు. కనుక లోపాన్ని మరొకచోట వెదకవలసి ఉంటుంది.

పెట్రోలును సిలిండర్లలోనికి నేరుగా చిమ్మే మెర్సిడెస్ 300 ఎస్.ఎల్. 1954లో వెలువడింది. 1973లో బాష్ సంస్థ ‘కె-జెట్రానిక్’ను పోర్షే 911 కారులో ప్రవేశపెట్టింది. ‘కె’ అనగా జర్మన్ భాషలో ‘నిరంతర’ అనే మాటకు సంకేతం. ఇందులో ఇంజెక్టర్లు ఎడతెగకుండ పెట్రోలును చిమ్ముతుంటాయి. లోనికి వచ్చే గాలి ఒక పలకను ఎత్తుతుంది; అది ఎంత లేస్తే అంత పెట్రోలు విడుదలవుతుంది. మొదటి నమూనాలలో కంప్యూటరు లేదు. కాబట్టి వైద్యునికి స్టెతస్కోపు వలె మెకానిక్కుకు పీడనమాపకమే ఆధారం.

చల్లని ఇంజనుకు తోడ్పడేవి

చల్లని గోడలపై పెట్రోలు చక్కగా ఆవిరి కాదు. అందుచేత అదనపు ఇంధనం కావాలి. స్టార్టరు తిరిగేటప్పుడు కోల్డ్ స్టార్ట్ వాల్వు కొద్ది క్షణాలు పెట్రోలు చిమ్ముతుంది. ఎంతసేపు చిమ్మాలో థర్మో టైమ్ స్విచ్చి నిర్ణయిస్తుంది. పెక్కు కార్లలో 35 డిగ్రీలు దాటితే అది అసలు పనిచేయదు. వార్మప్ రెగ్యులేటరు నియంత్రణ పీడనాన్ని తగ్గించి, పలక సులభంగా లేచేటట్లు చేస్తుంది. అదనపు గాలి వాల్వు ఇంజను వేగాన్ని నిలుపుతుంది. అక్యుములేటరు, పంపులోని చెక్ వాల్వు కలిసి ఇంజను ఆగిన తరువాత కూడ గొట్టాలలో పీడనాన్ని కాపాడతాయి.

పరీక్షల క్రమం

మొదట బ్యాటరీ. స్టార్టరు తిరిగేటప్పుడు వోల్టేజి 9.6కు తగ్గరాదు. పిదప స్పార్క్ ప్లగ్గులు, అటుపై పెట్రోలు పీడనం. వ్యవస్థ పీడనం సుమారు 5 బార్లు, అనగా కారు టైరులోని పీడనానికి రెండింతలకు పైగా ఉండాలి.

ఇక లక్షణాలను గమనించాలి. చాలాసేపు తిప్పిన మీదట స్టార్టయి, తరువాత చక్కగా నడిస్తే, రాత్రి పీడనం జారిపోయిందని అనుమానించవచ్చు. వెంటనే స్టార్టయి ఆగిపోతే నియంత్రణ పీడనం ఎక్కువగా ఉన్నదేమో, రబ్బరు గొట్టం పగులు ద్వారా పలకను తప్పించుకొని గాలి దూరుతున్నదేమో చూడాలి. చల్లని ఇంజనులో ఉండవలసిన పీడనాన్ని మాన్యువల్‌లోని పటంతో పోల్చాలి. వేడెక్కిన తరువాత అది సుమారు 3.5 బార్లకు చేరుతుంది.

ఈ పరీక్షలు చేయకుండ మిశ్రమపు స్క్రూను తిప్పడం పెద్ద పొరపాటు. ఉదయం కారు కదలవచ్చును గాని, వేడెక్కిన ఇంజను నల్లని పొగ కక్కుతుంది; అసలు లోపం అలాగే మిగులుతుంది. సవ్యంగా ఉన్న డిస్ట్రిబ్యూటరును తొలగించి, దొరకని భాగానికై నెలల తరబడి నిరీక్షించడం మరింత నష్టం.

మన తీరపు ప్రత్యేకతలు

సముద్రపు ఉప్పుగాలికి విద్యుత్ కనెక్టర్లు పచ్చగా చిలుము పడతాయి. వాటిని శుభ్రపరచడమే కొన్నిసార్లు చికిత్స. 2025 నాటికి దేశంలో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు సర్వసాధారణమైంది. ఇథనాల్ తేమను పీలుస్తుంది. పాత రబ్బరు భాగాలకు హాని చేయవచ్చు. అంతేకాక అది ఉన్నప్పుడు అదే గాలికి మరికొంత ఇంధనం అవసరం. ఆక్సిజన్ సెన్సారు లేని పాత వ్యవస్థ ఈ తేడాను తనంత తాను సవరించుకోలేదు. వారాల తరబడి కదలని కారులో ఈ చిక్కులు మరీ ఎక్కువ.

హెచ్చరిక

పీడనంలో ఉన్న పెట్రోలు సన్నని పొగమంచువలె వెలువడి, చిన్న నిప్పురవ్వకే భగ్గుమంటుంది. గొట్టాలు విప్పేముందు బ్యాటరీ తీగ తీసి, పీడనం దించి, ఆరుబయట, అగ్నిమాపక సాధనం చేరువలో ఉంచుకొని పని చేయాలి. పిల్లలను దగ్గరకు రానీయరాదు. పీడనమాపకం, ఓపిక లేనివారు ఆ పనిని అనుభవజ్ఞునికి అప్పగించడమే శ్రేయస్కరం.