బేస్ గిటార్ గొంతు తీగలోనే ఉంది

1951లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ నుంచి లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్‌ను బజారులోకి తెచ్చేనాటికి, వాద్యబృందాల్లో మంద్రస్వరాల భారమంతా నిలువెత్తు డబుల్ బేస్‌దే. డ్రమ్స్, ఎలక్ట్రిక్ గిటార్ల హోరు పెరిగేకొద్దీ దాని నాదం వెనుక వరసలకు అందకుండా పోయింది. అంతకు పదిహేనేళ్ల ముందే సియాటిల్‌లో పాల్ టట్‌మార్క్ ఎలక్ట్రిక్ బేస్ తయారుచేశాడు గాని, అది జనంలోకి వెళ్లలేదు. ఫెండర్‌ది వెళ్లింది. ఈ కథ చెప్పేవాళ్లు చెక్క గురించి, పికప్ గురించి ఎంతో చెబుతారు, తీగ దగ్గరికి వచ్చేసరికి రెండు మాటలతో సరిపెడతారు. అది అన్యాయం. ఈ వాద్యం గొంతును మార్చిన పెద్ద మలుపులన్నీ తీగలోనే వచ్చాయి.

పికప్ అంటే అయస్కాంతం, దాని చుట్టూ సన్నని రాగి చుట్ట. ఎదురుగా ఇనుము, నికెల్ లాంటి లోహం కదిలితేనే అందులో విద్యుత్తు పుడుతుంది. కాబట్టి డబుల్ బేస్‌కు కట్టే పేగు తీగ ఒక్కటే ఇక్కడ పనికిరాదు. సరే, ఉక్కు కావాలి. ఎంత లావు ఉక్కు?

తీగ శ్రుతిని పొడవు, బిగువు, బరువు నిర్ణయిస్తాయి. ప్రెసిషన్ బేస్‌లో నాలుగు తీగలకూ పొడవు 34 అంగుళాలే. బిగువు కూడా ఇంచుమించు సమానంగా ఉండాలి, లేకపోతే ఒక తీగ వేలికింద వేలాడుతుంది, పక్కది రాయిలా తగులుతుంది. ఇక మార్చగలిగేది బరువే. సన్నని జి తీగ సెకనుకు 98 సార్లు కంపిస్తే, లావైన ఇ తీగ 41 సార్లు కంపిస్తుంది. కంపనాలు సగానికి తగ్గాలంటే బరువు నాలుగింతలు కావాలి. ఆ లెక్కన ఇ తీగ బరువు జి తీగకు సుమారు 5.7 రెట్లు ఉండాలి. దుకాణంలో దొరికే మామూలు సెట్‌లో జి తీగ లావు అంగుళంలో వెయ్యింట 45 వంతులు, ఇ తీగ 105 వంతులు. ఈ రెండింటినీ వర్గం చేసి పోలిస్తే 5.4 రెట్లు వస్తుంది. సెట్ మీద ఉన్న అంకెల వెనుక ఇంత భౌతికశాస్త్రం ఉంది.

అయితే 105 వంతుల లావున్న ఒంటి ఉక్కు తీగ కడ్డీలా బిర్రబిగుసుకుంటుంది. దాని అనుస్వరాలు శ్రుతి తప్పి పైకి జరుగుతాయి. అందుకే సన్నని ఉక్కు నడితీగ మీద మరో తీగ చుడతారు. బరువు పెరుగుతుంది, వంగే గుణం పోదు. పేగు మీద లోహపు తీగ చుట్టడం ఐరోపాలో 17వ శతాబ్దంలోనే ఉంది.

పైన చపటా రిబ్బన్ చుడితే ఫ్లాట్‌వౌండ్. నున్నని, మెత్తని ధ్వని. డెట్రాయిట్‌లోని మోటౌన్ స్టూడియోలో జేమ్స్ జేమర్సన్ తన 1962 ప్రెసిషన్ బేస్‌కు లా బెల్లా వారి లావు ఫ్లాట్‌వౌండ్‌లు కట్టి, చూపుడువేలు ఒక్కదానితోనే మీటేవాడు. తెగితే తప్ప తీగలు మార్చేవాడు కాదు. అరవైల మోటౌన్ పాటల్లో వినిపించే ఆ గుండ్రని నాదంలో పాతబడిన తీగల వాటా చాలానే ఉంది.

లండన్‌లో జాన్ ఎంట్విసిల్‌కు కావలసింది దానికి పూర్తిగా విరుద్ధం. ‘ద హూ’ బృందంలో అతని బేస్ పియానోలా గణగణమనాలి. డేనెలెక్ట్రో బేస్ తీగలు తెగితే విడిగా దొరక్క, మళ్లీ కొత్త గిటారే కొన్నానని చెప్పుకున్నాడాయన. చివరికి రోటోసౌండ్ సంస్థ అధిపతి జేమ్స్ హౌ దగ్గరికి వెళ్లి, నడితీగకూ చుట్టుతీగకూ మధ్య పాళ్లు మార్పించి తీగలు చుట్టించుకున్నాడు. గుండ్రని తీగ చుట్టిన 1966 నాటి ఆ తీగే స్వింగ్ బేస్ 66గా పేరుపడిన రౌండ్‌వౌండ్. దాని గరుకుదనం చెక్కను కోస్తుంది. మెట్లు తీసేసిన బేస్ మీద అవే తీగలు వాడిన జాకో పాస్టోరియస్, వేళ్లు నొక్కే పలక అరిగిపోకుండా పడవలకు పూసే ఎపాక్సీ పూశాడు.

ఇప్పుడు మీరు ఏది కొనాలి? ముందు మీ పాట ఏదో తేల్చుకోండి. ఇళయరాజా సినిమా పాటల్లోలాగా బేస్ గాయకుడితో సంభాషించాలంటే ప్రతి స్వరం విడివిడిగా పలకాలి, దానికి నికెల్ పూత రౌండ్‌వౌండ్ అనుకూలం. స్టెయిన్‌లెస్ స్టీల్ ఇంకా పదునైనది, కానీ మెట్లను త్వరగా అరగదీస్తుంది. పాత సోల్, జాజ్ తరహాకు ఫ్లాట్‌వౌండ్ తీసుకోండి. డబుల్ బేస్ ఛాయ కావాలంటే నైలాన్ పట్టీ చుట్టిన తీగలున్నాయి. అయిదు తీగల బేస్‌లో లో బి సెకనుకు 31 సార్లే కంపిస్తుంది, అక్కడ 130 లావు అవసరం.

మొదటిసారి కొనేవాళ్లు 45–105 నికెల్ రౌండ్‌వౌండ్‌తో మొదలుపెట్టండి. కొనేముందు మీ గిటార్ స్కేల్ పొడవు కొలవండి, 30 అంగుళాల బేస్‌కు వేరే సెట్ కావాలి. లావు మార్చిన ప్రతిసారీ మెడలోని ట్రస్ రాడ్‌ను సరిచూపించుకోండి. నాలుగు తీగలూ కలిసి ఆ మెడను 70 కిలోలకు మించిన బలంతో లాగుతుంటాయి.