రీసైక్లింగు కర్మాగారములలో యంత్ర నిర్వహణ అప్రెంటిస్‌షిప్

వ్యర్థ పదార్థములను వేరుచేసి తిరిగి ముడిసరుకుగా మార్చు కర్మాగారములలో యంత్రములను సరిచూచుట, విప్పి బిగించుట, మరమ్మతు చేయుట వంటి పనులను ఒప్పందముపై నేర్చుకొను శిక్షణను యంత్ర నిర్వహణ అప్రెంటిస్‌షిప్ అని అంటారు. భారతదేశములో ఈ శిక్షణ 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టము ప్రకారము జరుగుతుంది. శిక్షణ పొందు వ్యక్తిని అప్రెంటిస్ అని, శిక్షణ కాలములో అతనికి నెలనెలా చెల్లించు మొత్తమును స్టైపెండు అని పిలుస్తారు. హైదరాబాదు పాతబస్తీలోని యాకుత్‌పురా వంటి ప్రాంతముల యువకులు ఈ శిక్షణలో ఎలా చేరవచ్చునో, అందులో ఏమి నేర్చుకుంటారో, వారికి ఏ హక్కులు కలవో ఈ వ్యాసములో వివరించబడినది.

నేపథ్యము

యాకుత్‌పురా హైదరాబాదు పాతబస్తీలోని ఒక ప్రాంతము. పాత నగరపు ప్రాకారమునకు గల 13 దర్వాజాలలో యాకుత్‌పురా దర్వాజా ఒకటి. ఆ దర్వాజాలలో నేడు దబీర్‌పురా, పురానాపూల్ దర్వాజాలు మాత్రమే మిగిలి ఉన్నాయి. యాకుత్‌పురా రైల్వే స్టేషను సికింద్రాబాదు - ఫలక్‌నుమా మార్గములో దబీర్‌పురా, ఉప్పుగూడ స్టేషనుల మధ్య ఉన్నది. ఫలక్‌నుమా దాటిన తరువాత వచ్చు కాటేదాన్ పారిశ్రామిక ప్రాంతములో ప్లాస్టిక్, పాత లోహములను తిరిగి వాడుకలోనికి తెచ్చు చిన్న పరిశ్రమలు అనేకము కలవు.

పాతబస్తీలో పని నేర్చుకొనుటకు పూర్వము నుండి ఉన్న పద్ధతి ఉస్తాద్ - షాగిర్ద్ పద్ధతి. కుర్రవాడు ఒక ఉస్తాద్ వద్ద చేరి, మొదట పానాలు అందించుట, విడిభాగములు కడుగుట వంటి పనులు చేస్తూ, చూచి నేర్చుకుంటాడు. ఈ పద్ధతిలో చేతి నైపుణ్యము బాగుగా అలవడుతుంది. కాని ఒప్పందము, నిర్ణీతమైన కాలపరిమితి, పరీక్ష, ధ్రువపత్రము ఉండవు. ఎన్ని సంవత్సరములు పనిచేసినను ఆ అనుభవమును మరొకచోట కాగితముపై చూపుట కష్టము. ప్రమాదము జరిగినప్పుడు తాను అక్కడ పనిచేయుచున్నట్లు రుజువు చేయుట అంతకంటే కష్టము. చట్టబద్ధమైన అప్రెంటిస్‌షిప్‌కు, దీనికి గల ముఖ్యమైన భేదము ఇదే.

హైదరాబాదులో రీసైక్లింగు

నగరములో సేకరించిన చెత్తను ముందుగా ఇమ్లీబన్ వంటి బదిలీ కేంద్రములకు, అక్కడి నుండి జవహర్‌నగర్‌లోని కేంద్రమునకు తరలిస్తారు. జవహర్‌నగర్‌లో చెత్త నుండి విద్యుత్తును ఉత్పత్తి చేయు కర్మాగారము 2020లో ప్రారంభమైనది. భవన నిర్మాణ వ్యర్థముల నుండి ఇసుక, కంకర వంటివి తయారుచేయు కర్మాగారములు జీడిమెట్ల, ఫతుల్లాగూడలలో ఉన్నాయి. వీటిలో జీడిమెట్ల కర్మాగారము 2020 నవంబరులో ప్రారంభమైనది. హైదరాబాదులో 2013లో స్థాపించబడిన బన్యన్ నేషన్ సంస్థ వాడిన ప్లాస్టిక్‌ను శుద్ధిచేసి తిరిగి గుళికలుగా మారుస్తుంది. చర్లపల్లిలోని సి-మెట్ పరిశోధన సంస్థ ఎలక్ట్రానిక్ వ్యర్థముల నుండి లోహములను వేరుచేయు పద్ధతులను అభివృద్ధి చేసినది.

2022లో కేంద్ర ప్రభుత్వము ప్లాస్టిక్ ప్యాకింగు, బ్యాటరీలు, ఎలక్ట్రానిక్ వ్యర్థముల విషయములో ఉత్పత్తిదారుల బాధ్యతను విస్తరించుచు నిబంధనలను వెలువరించినది. వీటి వలన నమోదైన రీసైక్లింగు కర్మాగారముల అవసరము పెరిగినది. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన ఎలక్ట్రానిక్ వ్యర్థముల నిబంధనలు, విడదీయుట, రీసైక్లింగు పనులలో ఉన్న కార్మికులను నమోదు చేయుట, వారికి నైపుణ్య శిక్షణ కల్పించుట రాష్ట్ర ప్రభుత్వ యంత్రాంగము చేయవలసిన పనులని పేర్కొన్నాయి.

అర్హతలు, చేరు విధానము

యంత్ర నిర్వహణకు సంబంధించిన ముఖ్యమైన ట్రేడులు ఫిట్టరు, ఎలక్ట్రీషియను, వెల్డరు. పారిశ్రామిక శిక్షణ సంస్థలలో, అనగా ఐటిఐలలో, ఫిట్టరు, ఎలక్ట్రీషియను కోర్సులు రెండు సంవత్సరములు, వెల్డరు కోర్సు ఒక సంవత్సరము ఉంటాయి. ఫిట్టరు కోర్సుకు పదవ తరగతి ఉత్తీర్ణులై ఉండవలెను. నగరములోని ప్రభుత్వ ఐటిఐలలో మల్లేపల్లి ఐటిఐ పేరు పొందినది. 2024 జూన్‌లో రాష్ట్రములోని 65 ఐటిఐలను ఆధునిక సాంకేతిక కేంద్రములుగా మార్చు పథకమునకు ఇక్కడే శంకుస్థాపన జరిగినది.

ఐటిఐ పూర్తిచేసినవారు నేరుగా కర్మాగారములో అప్రెంటిస్‌గా చేరవచ్చును. ఐటిఐ చదువనివారు కూడ చేరవచ్చును గాని, వారికి ముందుగా ప్రాథమిక శిక్షణ ఇవ్వవలెను. కనీస వయస్సు 14 సంవత్సరములు. ప్రమాదకర పరిశ్రమలకు సంబంధించిన ట్రేడులలో కనీస వయస్సు 18 సంవత్సరములు. దరఖాస్తులు, ఒప్పందములు కేంద్ర ప్రభుత్వపు అప్రెంటిస్‌షిప్ పోర్టల్ ద్వారా నమోదవుతాయి.

2019లో సవరించిన నియమముల ప్రకారము 30 మంది లేక అంతకంటే ఎక్కువ మంది పనిచేయు సంస్థలు తమ సిబ్బందిలో 2.5 నుండి 15 శాతము వరకు అప్రెంటిస్‌లను తప్పనిసరిగా తీసుకొనవలెను. ఈ లెక్కలో కాంట్రాక్టు కార్మికులను కూడ కలుపుతారు. అంతకంటే చిన్న సంస్థలకు ఇది ఐచ్ఛికము. అందువలన పాత సామాను కొట్లు, నలుగురైదుగురు పనిచేయు చిన్న యూనిట్ల కంటే పెద్ద కర్మాగారములలోనే అవకాశములు ఎక్కువగా ఉంటాయి.

ఒప్పందము

అప్రెంటిస్‌షిప్‌లో చేరుటకు యజమానికి, అప్రెంటిస్‌కు మధ్య వ్రాతపూర్వకమైన ఒప్పందము ఉండవలెను. అప్రెంటిస్ మైనరు అయినచో సంరక్షకుడు సంతకము చేస్తాడు. ఈ ఒప్పందము అప్రెంటిస్‌షిప్ సలహాదారు వద్ద నమోదు కావలెను. కొత్తగా చేరువారు ఈ క్రింది విషయములు తెలుసుకొని ఉండుట మంచిది.

* స్టైపెండు: 2019 నియమముల ప్రకారము కనీస స్టైపెండు నెలకు పదవ తరగతి ఉత్తీర్ణులకు 6,000 రూపాయలు, ఐటిఐ ధ్రువపత్రము గలవారికి 7,000 రూపాయలు, డిప్లొమా గలవారికి 8,000 రూపాయలుగా నిర్ణయించబడినది. దీనిని 36 శాతము పెంచవలెనని కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి 2025 మేలో సిఫారసు చేసినది.
* ముక్కపని: ఎన్ని కిలోలు వేరుచేసితే అంత అను పద్ధతిలో అప్రెంటిస్‌కు చెల్లించుట చట్టవిరుద్ధము.
* అదనపు గంటలు: సలహాదారు అనుమతి లేనిదే అప్రెంటిస్‌చేత ఓవర్‌టైము చేయించరాదు.
* ప్రమాదములు: శిక్షణలో గాయపడినచో నష్టపరిహారము చెల్లించు బాధ్యత యజమానిదే.
* మధ్యలో ఆగిపోయినచో: యజమాని ఒప్పందమును పాటించనందున అది రద్దైతే అప్రెంటిస్‌కు పరిహారము చెల్లించవలెను. అప్రెంటిస్ పాటించనందున రద్దైతే శిక్షణకు అయిన ఖర్చును అతని నుండి రాబట్టవచ్చును.
* ఉద్యోగము: శిక్షణ ముగిసిన తరువాత అదే సంస్థలో ఉద్యోగము ఇవ్వవలెనను నిర్బంధము లేదు. నియామకముల విషయమై ప్రతి సంస్థ తన విధానమును తానే రూపొందించుకొనవలెనని 2014 సవరణ చెప్పుచున్నది.

చట్టము దృష్టిలో అప్రెంటిస్ శిక్షణార్థియే గాని కార్మికుడు కాడు. అందువలన కార్మిక చట్టములు సాధారణముగా అతనికి వర్తించవు. ఆరోగ్యము, భద్రత, సంక్షేమములకు సంబంధించిన నిబంధనలు మాత్రము అతనికి కూడ వర్తిస్తాయి.

కర్మాగారములోని యంత్రములు

ప్లాస్టిక్ రీసైక్లింగు కర్మాగారమును ఉదాహరణగా తీసుకొనవచ్చును. వచ్చిన సరుకు కన్వేయరు బెల్టుపై కదులుతుంది. ట్రామెల్ అను తిరుగు జల్లెడ మట్టిని, చిన్న ముక్కలను వేరుచేస్తుంది. అయస్కాంతము ఇనుమును పట్టుకుంటుంది. ఎడ్డీ కరెంటు యంత్రము అల్యూమినియమును పక్కకు విసురుతుంది. తరువాత ష్రెడ్డరు సరుకును ముక్కలు చేస్తుంది. ముక్కలను కడిగి, నీటితొట్టిలో వేసి, ఆరబెట్టి, ఎక్స్‌ట్రూడరులో కరిగించి గుళికలుగా కోస్తారు.

నీటితొట్టిలో వేరుచేయుట సాంద్రతపై ఆధారపడి ఉంటుంది. మూతలకు, సంచులకు వాడు పాలీప్రొపిలీన్, పాలిథీన్‌లు నీటికంటే తేలికైనవి కావున తేలుతాయి. నీళ్ళ సీసాలకు వాడు పెట్ ప్లాస్టిక్ సాంద్రత సుమారు 1.38 కావున మునుగుతుంది. పివిసి కూడ మునుగుతుంది. పెట్‌ను కరిగించుటకు సుమారు 250 డిగ్రీల సెల్సియస్ కంటే ఎక్కువ వేడి కావలెను. ఆ వేడికి పివిసి విచ్ఛిన్నమై హైడ్రోజన్ క్లోరైడు వాయువును విడుదల చేస్తుంది. ఈ వాయువు మనుష్యులకు హానికరము, యంత్రపు లోహమును సైతము తినివేస్తుంది. కనుక సరుకును సరిగా వేరుచేయుటకు, యంత్రము మన్నికకు దగ్గర సంబంధము కలదు. నిర్వహణ విభాగములో ఉన్నవారు సరుకు గురించి కూడ తెలుసుకొనుట ఇందుకే.

నేర్చుకొను పనులు

మొదటి నెలలలో అప్రెంటిస్ కొలుచుట, ఆకురాయితో అరగదీయుట, రంధ్రములు చేయుట, మరలు తిప్పుట వంటి ప్రాథమిక పనులు చేస్తాడు. తరువాత సీనియరు ఫిట్టరుతో కలసి యంత్రముల వద్దకు వెళ్తాడు. నిర్వహణ పనులను మూడు విధములుగా విభజించవచ్చును.

* చెడిన తరువాత చేయు మరమ్మతు: తెగిన బెల్టును మార్చుట, విరిగిన ష్రెడ్డరు కత్తిని తీయుట, కారుచున్న హైడ్రాలిక్ గొట్టమును బిగించుట లేక మార్చుట.
* చెడకముందే చేయు నిర్వహణ: నిర్ణీత కాలమునకు బేరింగులకు గ్రీజు పెట్టుట, గేరుబాక్సు నూనె మార్చుట, కత్తుల మధ్య సందును కొలిచి సరిచేయుట.
* లక్షణములను బట్టి ముందుగా పసిగట్టుట: బేరింగు వేడి, కంపనము, శబ్దము, మోటారు తీసుకొను విద్యుత్తు మొదలగువాటిని నమోదు చేసి, మార్పు కనిపించినప్పుడు కారణము వెదకుట.

ఇతర కర్మాగారములతో పోల్చినచో రీసైక్లింగు కర్మాగారములలో యంత్రములు త్వరగా అరుగుతాయి. లోనికి వచ్చు సరుకు ఒకే తీరుగా ఉండదు. ప్లాస్టిక్‌తోపాటు ఇసుక, రాళ్ళు, తీగలు, గుడ్డపేలికలు వస్తాయి. ఇసుక కత్తులను అరగదీస్తుంది. తీగలు, పేలికలు ఇరుసులకు చుట్టుకొని బేరింగుల లోనికి చొరబడతాయి. దుమ్ము మోటారు రెక్కలపై పేరుకొని మోటారు వేడెక్కుతుంది.

అప్రెంటిస్ తాను చేసిన పనిని ప్రతిదినము ఒక పుస్తకములో వ్రాసుకొనవలెను. కొందరు దీనిని లాంఛనముగా భావిస్తారు. కాని ఏ యంత్రము ఎప్పుడు ఆగినది, ఏ భాగము మార్చబడినది అను వివరములు అందులో ఉన్నచో, అదే యంత్రము మరల ఆగినప్పుడు కారణము తెలుసుకొనుటకు అది పనికివస్తుంది. ఏదైన వివాదము వచ్చినప్పుడు తాను ఏ పని నేర్చుకున్నాడో చూపుటకు కూడ ఆధారమవుతుంది.

భద్రత

ష్రెడ్డరు, కన్వేయరు, బేలరు యంత్రములలో సరుకు ఇరుక్కున్నప్పుడు దానిని తీయు సమయము మిక్కిలి ప్రమాదకరమైనది. స్విచ్చి ఆపినంత మాత్రమున యంత్రము సురక్షితము కాదు. దూరమున ఉన్న మరొక వ్యక్తి తెలియక స్విచ్చి వేయవచ్చును. ఇరుక్కున్న సరుకు తీయగానే బిగిసిన బెల్టు కదలవచ్చును. పైకి లేచి ఉన్న హైడ్రాలిక్ భాగము బరువుకు క్రిందికి దిగవచ్చును. దీనిని నివారించుటకు తాళము వేయు పద్ధతిని పాటిస్తారు. దీనిని లాకౌట్ - ట్యాగౌట్ అని అంటారు. ఇందులోని క్రమము ఇది.

1. యంత్రమును నడుపువారికి, చుట్టుపక్కలవారికి ముందుగా తెలియజేయవలెను.
2. యంత్రమును ఆపి, ప్రధాన స్విచ్చిని తెరవవలెను.
3. పని చేయు ప్రతి వ్యక్తి తన సొంత తాళమును ఆ స్విచ్చికి వేసి, తాళపుచెవిని తనవద్దనే ఉంచుకొనవలెను.
4. పేరు, తేదీ వ్రాసిన చీటీని వ్రేలాడదీయవలెను.
5. హైడ్రాలిక్ ఒత్తిడిని, గాలి ఒత్తిడిని వదలివేసి, పైన ఉన్న భాగములకు ఆధారము పెట్టవలెను.
6. చివరగా స్టార్టు బొత్తాము నొక్కి, యంత్రము కదలకుండుటను నిర్ధారించుకొని, బొత్తామును మరల ఆపు స్థితికి తేవలెను.

పని ముగిసిన తరువాత ఎవరి తాళమును వారే తీయవలెను. అప్రెంటిస్‌కు కూడ సొంత తాళము ఉండవలెను. సీనియరు తాళము వేసినాడు గదా అని ఊరకుండరాదు. అతడు తన పని ముగించుకొని తాళము తీసుకొని వెళ్ళినచో, లోపల ఉన్న అప్రెంటిస్‌కు రక్షణ ఉండదు.

మరొక ప్రమాదము అగ్ని. చెత్తలో కలసి వచ్చు లిథియం బ్యాటరీలు నలిగినప్పుడు లేక కత్తులలో పడినప్పుడు మంటలు రేగవచ్చును. వెల్డింగుకు ముందు చుట్టుపక్కల ఉన్న ప్లాస్టిక్ ముక్కలను, దుమ్మును తొలగించవలెను. పని ముగిసిన తరువాత కూడ కొంతసేపు ఆ చోటును కనిపెట్టి ఉండవలెను.

పరీక్ష, ధ్రువపత్రము

శిక్షణ చివర అఖిల భారత ట్రేడు పరీక్ష జరుగుతుంది. ఉత్తీర్ణులైనవారికి జాతీయ అప్రెంటిస్‌షిప్ ధ్రువపత్రము లభిస్తుంది. ఇది దేశమంతట చెల్లుతుంది. బేరింగులు, మోటారులు, హైడ్రాలిక్ యంత్రములు అన్ని పరిశ్రమలలోను ఉంటాయి కనుక, రీసైక్లింగు కర్మాగారములో నేర్చిన పని సిమెంటు, ఔషధ, ఆహార పరిశ్రమలలో కూడ పనికివస్తుంది.

విమర్శలు

అప్రెంటిస్‌లను తక్కువ ఖర్చుతో దొరకు కార్మికులుగా వాడుకొనుచున్నారను విమర్శ ఈ పద్ధతిపై తరచుగా వస్తుంది. 2016 ఆగష్టులో ప్రారంభమైన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకములో, స్టైపెండులో 25 శాతమును, గరిష్ఠముగా నెలకు 1,500 రూపాయలను ప్రభుత్వము భరిస్తుంది. దీని వలన అవకాశములు పెరుగునని కొందరు, పర్యవేక్షణ లేనిచో శిక్షణ పేరుకే మిగులునని మరికొందరు వాదిస్తారు. సంవత్సరమంతయు అప్రెంటిస్‌ను చెత్త వేరుచేయు బెల్టు వద్దనే నిలబెట్టినచో అది నిర్వహణ శిక్షణ కాజాలదు. ఒప్పందములో వ్రాసిన ట్రేడు ఏది, చేయించుచున్న పని ఏది అను రెండింటిని పోల్చి చూచుకొనుట, తేడా ఉన్నచో అప్రెంటిస్‌షిప్ సలహాదారునకు ఫిర్యాదు చేయుట అప్రెంటిస్‌కు గల మార్గము. ఒప్పందము నమోదు కానిచో ఈ మార్గము మూసుకుపోతుంది. కావున పనిలో చేరు మొదటి దినముననే నమోదు సంఖ్యను అడిగి తెలుసుకొని, ఒప్పందపు ప్రతిని ఇంటివద్ద భద్రపరచుకొనుట అవసరము.