దారి తప్పడానికి టికెట్టు

అమెరికా శివారు రైతుకు మొక్కజొన్న గింజల కంటే ఆ చేలో తిరగడానికి వచ్చే జనమే ఎక్కువ రాబడి తెస్తున్నారు. ఆ జనంలో మొక్కజొన్న పండించిన ఊళ్ల నుంచి వెళ్లిన తెలుగువాళ్లూ ఉన్నారు.

2011 అక్టోబరులో ఒక సాయంత్రం అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, డాన్వర్స్ పట్టణంలో పోలీసు అత్యవసర నెంబరు 911కు ఓ ఫోన్ వచ్చింది. మొక్కజొన్న చేలో చిక్కుకుపోయామని, చీకటి పడిందని, బయటికి దారి తెలియడం లేదని, తమతో మూడు వారాల పసికందు కూడా ఉందని ఒక కుటుంబం మొరపెట్టుకుంది. పోలీసులు జాగిలాన్ని వెంటబెట్టుకుని వెళ్లి వెతికారు. తీరా చూస్తే వాళ్లు చేను అంచుకు కొద్ది అడుగుల దూరంలోనే ఉన్నారు. ఆ చేను విస్తీర్ణం మొత్తం ఏడెకరాలు.

వాళ్లు పొరపాటున చేలోకి దిగినవాళ్లు కారు. టికెట్టు కొనుక్కుని వెళ్లారు. సెప్టెంబరు మూడో వారం మొదలు నవంబరు మొదటి వారం దాకా అమెరికాలో ప్రతి శని, ఆదివారాల్లో లక్షలాది కుటుంబాలు చేసే పనే ఇది. తలకు మించి ఎదిగిన మొక్కజొన్న చేలో దారులు నరికి, ఎటు వెళ్తే ఎక్కడ తేలతామో తెలియని చిక్కుదారులుగా మలుస్తారు. దాని పేరు కార్న్ మేజ్. ఆ దేశంలో మొక్కజొన్నను కార్న్ అంటారు. దానికి ఇంగ్లీషులో ఉన్న మరో పేరు, చిక్కుదారికి ఉన్న పేరు రెండూ పలికేటప్పుడు ‘మేజ్’గానే వినిపిస్తాయి. బోర్డులు రాసేవాళ్లు ఈ శ్లేషను వదిలిపెట్టడం అరుదు. మన పద్మవ్యూహంలాగే లోపలికి వెళ్లడం తేలిక, బయటపడటమే కష్టం. అందులోనే వినోదం. చేను దాటాక గడ్డి మోపులు పరిచిన ట్రాక్టరు బండి మీద షికారు, గుమ్మడి పాదుల్లోంచి ఎవరి కాయ వాళ్లు ఏరుకోవడం, మేకలకు మేత పెట్టడం, ఆపిల్ రసం కలిపి వేయించిన డోనట్లు. సాయంత్రానికి బూట్ల నిండా మట్టి, ఫోన్ నిండా ఫొటోలు.

చూస్తే తాతల నాటి పల్లె సంబరంలా కనిపిస్తుంది కానీ దీని వయసు ముప్పై ఏళ్ల చిల్లరే. చెట్ల కంచెలతో చిక్కుదారులు కట్టడం యూరప్ రాజుల సరదా. లండన్ సమీపంలోని హాంప్టన్ కోర్ట్ ప్యాలెస్‌లో 17వ శతాబ్దం చివర్లో నాటిన కంచె దారులు ఇప్పటికీ ఉన్నాయి. ఆ సరదాను మొక్కజొన్న చేలోకి దించింది 1993లో. బ్రాడ్‌వే నాటకాల నిర్మాత డాన్ ఫ్రాంజ్, బ్రిటన్‌కు చెందిన చిక్కుదారుల రూపశిల్పి ఏడ్రియన్ ఫిషర్ కలిసి పెన్సిల్వేనియాలోని ఆన్‌విల్‌లో సుమారు మూడెకరాల చేలో డైనోసార్ ఆకారంలో దారులు తీయించారు. ఆ ఏడాది మిసిసిపీ వరదలకు నష్టపోయినవారి కోసం విరాళాలు పోగుచేయడం ఒక ఉద్దేశం. అంటే రైతు చేలో మొలిచినా ఆలోచన మాత్రం రంగస్థలానిది. మూడేళ్ల తర్వాత యూటాలో బ్రెట్ హెర్బ్‌స్ట్ అనే వ్యవసాయ పట్టభద్రుడు సొంతంగా ఒకటి వేసి, ఆ తర్వాత ఇతర రైతులకు డిజైన్లు గీసి ఇవ్వడమే వృత్తిగా పెట్టుకున్నాడు. ఇప్పుడు ఆకాశం నుంచి చూస్తే తప్ప బోధపడని బొమ్మలు చేలల్లో ఏటా మారిపోతుంటాయి. ఓడ, గుడ్లగూబ, ఫుట్‌బాల్ జట్టు చిహ్నం, ఎన్నికల ఏడాదైతే అభ్యర్థుల ముఖాలు. కాలిఫోర్నియాలోని డిక్సన్‌లో 2014లో వేసిన చిక్కుచేను 60 ఎకరాలతో గిన్నిస్ రికార్డుకెక్కింది. అందులో దారి తప్పినవాళ్లూ 911కు ఫోన్ చేశారు. ఆ చేలో తెలివైనవాళ్లు ఓడిపోవడానికి కారణం ఒకటే. ఎటు చూసినా ఒకే రకం ఆకు, ఒకే ఎత్తు గోడ. గుర్తు పెట్టుకోవడానికి ఏమీ ఉండదు.

ఇలాంటి చేను వేయడం గింజ కోసం వేసినంత సులువు కాదు. ముందుగా విత్తే తేదీ మారుతుంది. మిడ్‌వెస్ట్ రైతు ఏప్రిల్, మే నెలల్లో విత్తి శరదృతువులో ఎండిన కంకి కోస్తాడు. చిక్కుచేను మాత్రం అక్టోబరులో కూడా పచ్చగా నిలబడాలి కాబట్టి ఆలస్యంగా విత్తుతారు. ఒకసారి నిలువు సాళ్లలో, మళ్లీ అడ్డ సాళ్లలో గింజ వేస్తారు. అప్పుడే చేను గోడలా చిక్కబడుతుంది, పక్క దారిలో నడిచేవాళ్లు కనిపించరు. మొక్క మోకాలెత్తుకు రాకముందే దారులు తీసేయాలి. ఆలస్యమైతే కాడ ముదిరి మొదళ్లు కాళ్లకు గుచ్చుకుంటాయి. మొదట్లో కాగితం మీద గళ్లు గీసుకుని, చేలో జెండాలు పాతి, సాళ్లు లెక్కపెట్టుకుంటూ కోసేవారు. ఇప్పుడు ఉపగ్రహ సంకేతాలను బట్టి ట్రాక్టరో కోత యంత్రమో బొమ్మ గీత వెంబడి నడుస్తుంది. వేసవి గాలివానకు చేను పడిపోతే మాత్రం ఏ యంత్రమూ కాపాడలేదు. పడిన మొక్కజొన్న లేవదు, ఆ ఏడాదికి మళ్లీ విత్తే వ్యవధీ ఉండదు.

ఇంత శ్రమ ఎందుకంటే లెక్క అలా ఉంది. అమెరికాలో మొక్కజొన్నను బుషెల్ కొలతలో అమ్ముతారు. బుషెల్ అంటే 25.4 కిలోలు. 2012 కరవులో 8 డాలర్లు దాటిన బుషెల్ ధర ఆ తర్వాతి కాలంలో చాలా ఏళ్లు 4 డాలర్ల చుట్టుపక్కలే తిరిగింది. 2023లో దేశ సగటు దిగుబడి ఎకరాకు 177 బుషెళ్లు. బుషెల్ 4 డాలర్ల లెక్కన పదెకరాల గింజకు చేతికొచ్చేది 7,080 డాలర్లు. అందులోంచి విత్తనం, ఎరువు, డీజిలు, కౌలు పోవాలి. అదే పదెకరాల్లో తిరగడానికి మనిషికి 20 డాలర్ల టికెట్టు పెడితే 354 మంది వస్తే చాలు, ఆ సొమ్ము వచ్చేస్తుంది. పట్టణానికి దగ్గరగా ఉన్న పొలానికి ఎండ కాసిన ఒక్క శనివారం చాలు. మరోలా చెప్పాలంటే, ఒక మనిషి చేలోకి అడుగుపెట్టడానికి ఇచ్చే సొమ్ముతో ఆ రైతు దగ్గర 127 కిలోల మొక్కజొన్నలు కొనొచ్చు. పైగా జనం వెళ్లిపోయాక మిగిలిన కంకులూ ఆయనవే.

అయినా దేశమంతా ఇదే దారి పట్టిందనుకుంటే పొరపాటు. అమెరికా వ్యవసాయ శాఖ 2022 గణాంకాల ప్రకారం వ్యవసాయ పర్యాటకం ద్వారా రైతులకు వచ్చిన ఆదాయం 126 కోట్ల డాలర్లు. 2017లో అది 95 కోట్లు. పెరుగుదల బాగానే ఉంది కానీ, ఆ దేశంలో ఏడాదికి అమ్ముడయ్యే 54,300 కోట్ల డాలర్ల వ్యవసాయోత్పత్తుల ముందు ఇది చేటలో ఒక గింజ. మొత్తం 19 లక్షల కమతాల్లో 28 వేల పైచిలుకు మాత్రమే ఈ పనిలో ఉన్నాయి. అయోవాలో వేల ఎకరాలు సాగుచేసే రైతుకు ఈ గొడవ అక్కర్లేదు. ఆయన పంట పశువుల దాణాకో ఇథనాల్ ఫ్యాక్టరీకో పోతుంది. దీని అవసరం పడేది నగరం వచ్చి గట్టు మీద కూర్చున్న చిన్న రైతుకు. 2017 నుంచి 2022 మధ్య అయిదేళ్లలో అమెరికాలో 1.41 లక్షల కమతాలు మాయమయ్యాయి. ఆ జాబితాలో చేరకుండా ఉండటానికి దొరికిన దారుల్లో ఈ చిక్కుదారి ఒకటి.

న్యూజెర్సీని చూస్తే విషయం స్పష్టమవుతుంది. అమెరికాలో జనసాంద్రత అత్యధికంగా ఉన్న రాష్ట్రం అదే. సగటు కమతం అక్కడ 70 ఎకరాల చిల్లర, దేశ సగటు 463. పొలం పక్క పొలం ఇళ్ల కాలనీగా మారిపోతుంటే, వ్యవసాయం చేస్తామన్న హామీకి బదులుగా పన్ను తగ్గించే చట్టాన్ని ఆ రాష్ట్రం 1964లోనే తెచ్చింది. నిర్మాణ హక్కులను ప్రభుత్వమే కొని, ఎప్పటికీ పొలంగానే ఉంచే పథకం కింద 2 లక్షల ఎకరాలకు పైగా భద్రపరిచింది. ఆ కాలనీల్లో, ఎడిసన్, సౌత్ బ్రన్స్‌విక్, మన్రో చుట్టుపక్కల, తెలుగు కుటుంబాలు వేల సంఖ్యలో ఉన్నాయి. పొలాన్ని మింగిన ఇళ్లలో కాపురం ఉండేదీ, మిగిలిన పొలాన్ని టికెట్టు కొని బతికించేదీ ఒకరే కావడం ఇక్కడి విచిత్రం.

బతుకమ్మ, దసరా ముగిసీ ముగియకముందే తెలుగు సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో ఏ పొలానికి వెళ్దామన్న చర్చ మొదలవుతుంది. పిల్లల్ని చూడటానికి ఆరు నెలల వీసా మీద వచ్చిన తల్లిదండ్రులు కూడా ఆ కార్లలో ఉంటారు. ఓ అక్టోబరులో మా అక్క కుటుంబంతో నేనూ వెళ్లాను. అక్క మామగారిది జగిత్యాల దగ్గర పల్లె. నలభై ఏళ్లు మక్కలు, వరి పండించిన మనిషి. నలుగురు పెద్దవాళ్లు, ఇద్దరు పిల్లల టికెట్లకు కొడుకు కార్డు గీకడం చూసి, మొత్తం రూపాయల్లో ఎంతని అడిగారు. మనిషికి 1,700 దాకా పడిందని తేలింది. ఆ పక్కనే మరో లెక్క వేశారు. 2025-26కు మన కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన మద్దతు ధర మక్కలకు క్వింటాలుకు 2,400 రూపాయలు. ఆ ధరైనా మార్కెట్ యార్డులో దక్కుతుందన్న నమ్మకం లేదు. 2020 వానాకాలంలో తెలంగాణ ప్రభుత్వం అసలు మక్కలు వేయొద్దనే చెప్పింది. ఆయన ఇంకేమీ అనలేదు. చేలోకి వెళ్లాక మాత్రం ఆయనే మాకు దారి చూపారు. పజిల్ కాగితం మనవడి చేతిలోనే ఉండిపోయింది. ఎండ ఏ పక్క పడుతోందో చూసుకుంటూ, మూలలు తిరిగినప్పుడల్లా కంకి పీచు రంగు పట్టి చూస్తూ, ఈ సాలు ఆలస్యంగా మొలిచింది, ఇక్కడ నీరు నిలిచింది అంటూ నడిచారు. మాకు ఒకే గోడగా కనిపించిన చేలో ఆయనకు ప్రతి గజమూ వేరు.

బయటికొచ్చాక పిల్లల ఆటస్థలం. ఇసుక తొట్టికి బదులు ఎండు మొక్కజొన్న గింజలు నింపిన పెద్ద తొట్టి. పిల్లలు మోకాళ్ల లోతు గింజల్లో దూకుతున్నారు, తల మీద పోసుకుంటున్నారు. పెద్దాయన గబగబా వెళ్లి మనవడి రెక్క పట్టుకుని, ‘గింజల్ని తొక్కద్దు బిడ్డా’ అన్నారు. వాడు బిక్కమొహం వేశాడు. అక్కడ తొక్కడానికే పోశారని బావ నచ్చజెప్పబోయాడు. ఆయనకు అది తెలియక కాదు. కల్లంలో గింజ కాలికి తగిలితే కళ్లకద్దుకునే అలవాటు టికెట్టుతో పోయేది కాదు. చివరికి పిల్లవాడి బూట్లు విప్పించి దింపారు. అది ఒక రాజీ. మా కుటుంబమే కాదు, అలా బూట్లు విప్పించిన తెలుగు పెద్దవాళ్లు ఆ గంటలో మరో ఇద్దరు కనిపించారు.

గుమ్మడి దగ్గర మాత్రం రెండు దేశాల మధ్య పేచీ తక్కువ. ముఖం చెక్కి దీపం పెట్టి గుమ్మంలో ఉంచే ఆచారం ఐర్లండ్ నుంచి టర్నిప్ దుంపలతో వచ్చి అమెరికాలో గుమ్మడికి మారింది. దుష్టశక్తుల్ని గుమ్మం బయటే ఆపడానికట. ఇంటి ముందు బూడిద గుమ్మడి వేలాడదీసే మనకు ఇది వివరించనక్కర్లేదు. అయితే పొలంలో ఏరుకొచ్చిన కాయతో దప్పళం పెట్టాలని చూసినవాళ్లకు నిరాశే. చెక్కడానికి పెంచే రకాల్లో పీచు, నీరు ఎక్కువ, తీపి తక్కువ.

జనం వస్తే ప్రమాదమూ వస్తుంది. 2014 అక్టోబరులో మేన్ రాష్ట్రంలో హాలోవీన్ గడ్డి బండి వాలులో అదుపు తప్పి 17 ఏళ్ల అమ్మాయి చనిపోయింది, 20 మందికి పైగా గాయపడ్డారు. అంతకు పదేళ్ల ముందే, 2004లో, కాన్సస్ ఒక చట్టం చేసింది. పొలంలో సహజంగా ఉండే ప్రమాదాల గురించి బోర్డు పెట్టి హెచ్చరిస్తే రైతు బాధ్యత పరిమితమవుతుంది. మరుసటి ఏడాది నార్త్ కరొలినా, తర్వాత ఎన్నో రాష్ట్రాలు అదే బాట పట్టాయి. గేటు దగ్గర ఆ బోర్డును చదివేవాళ్లు తక్కువ. పిల్లలతో వెళ్లేవాళ్లు చదవాలి. గుంతలో కాలు పడటం వేరు, బ్రేకులు సరిచూడని బండి వేరు. చట్టం మొదటిదానికి రక్షణ ఇవ్వడం న్యాయమే. రెండోదాన్ని కూడా అదే బోర్డు వెనక దాచకుండా చూడాల్సింది ప్రభుత్వాలే.

పొరుగువాళ్లతో తగాదా మరొకటి. పచ్చటి పొలం కనిపిస్తుందని ఇల్లు కొన్నవాళ్లే, అక్టోబరు వచ్చేసరికి వీధి నిండా కార్లు, మైకులు, దుమ్ము అని ఫిర్యాదు చేస్తారు. న్యూజెర్సీలో రైతు సాగు హక్కుకు 1983 నుంచి చట్టపరమైన రక్షణ ఉంది. ఈ వినోదాలు దాని కిందికి వస్తాయా అన్న ప్రశ్నకు 2014లో నిబంధనలు తెచ్చారు. చిక్కుచేను, గడ్డి బండి పొలం పంట అమ్మకానికి తోడ్పడేవైతే రక్షణ ఉంటుంది. అది సబబైన గీతే అనిపిస్తుంది. గీతకు అటూ ఇటూ ఏముందన్నదే తేలడం కష్టం. గుమ్మడికాయను ఫిరంగిలో పెట్టి పేల్చడం పంట అమ్మకమా, సంతా?

రైతు బెంగ మాత్రం ఇవేవీ కావు, వానే. ఏడాది రాబడి ఆరేడు వారాంతాల్లో ఇమిడి ఉంది. వరసగా రెండు శనివారాలు ముసురు పట్టిందంటే బీమా ప్రీమియం, రోజు కూలీల జీతాలు, అద్దె మరుగుదొడ్ల బిల్లు అన్నీ మీద పడతాయి. అక్టోబరు 31 దాటితే గుమ్మడికాయను అడిగేవాడుండడు. మిగిలిన కాయలు మేకలకో పందులకో వేస్తారు, లేదా దున్నేస్తారు. నవంబరులో కంకి బాగా ఎండాక కంబైన్ హార్వెస్టర్ చేలోకి దిగుతుంది. జనం తొక్కి గట్టిపడ్డ దారుల మీదుగా, బొమ్మను పట్టించుకోకుండా, తిన్నగా ఒక చివర నుంచి మరో చివరకు కోసుకుపోతుంది. ఆ గింజను మాత్రం బుషెళ్ల లెక్కన అందరి ధరకే అమ్ముతారు.